డాక్టరు గారి మోటారు సైకిలుకు పథ్యం

అరవైలు అప్పుడే మొదలైన ఆ కాలంలో, మా నెల్లూరు వైపు మోటారు సైకిలు ఉన్న మనిషిని ఎవరూ పేరుతో గుర్తుపెట్టుకునేవారు కాదు, చప్పుడుతోనే గుర్తుపట్టేవారు. ఊరి మొదట్లో డబడబ వినిపిస్తే ఊరి చివరి ఇంట్లో కాఫీ నీళ్ళు పొయ్యెక్కేవి. అలాంటి బండ్లను విప్పి మళ్ళీ బిగించే పని నాది. (విప్పడంలో నాకు మొదటి రోజు నుంచే మంచి పేరుంది.) వయసు ఇరవై ఒకటి. ఆ వయసులో ప్రతివాడికీ ఒకటి రెండు విషయాలు తప్ప మిగతావన్నీ తెలిసే ఉంటాయి. నాకు ఆ ఒకటి రెండు కూడా తెలుసు. దానికి తోడు ఇంకో గుణం. నా ఎదుట ఎవరైనా గుండెలు బాదుకుంటూ ఏదైనా చెబితే దాని గాలి తీసేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. ఒకసారి పొలం గట్టు తగాదాలో మా నాయన "నా శవం మీద నుంచి పోండి" అని నాగలికి అడ్డంగా పడుకుంటే, "నాయనా, అక్కడ బురదగా ఉండాది, కొంచెం ఇటు పడుకో" అన్నాను. రెండు పక్షాలూ నవ్వేసరికి తగాదా అక్కడికక్కడే తీరిపోయింది. నాయన మాత్రం నెల రోజులు నాతో మాట్లాడలేదు. నన్ను పొలం పని మాన్పించి నెల్లూరు షెడ్డులో చేర్చడానికి అసలు కారణం అదేనని మా అమ్మ చివరిదాకా అనుమానిస్తూనే ఉండేది.

షెడ్డు యజమానిని అందరం పెద్ద మేస్త్రి అనేవాళ్ళం. ఆయనకు మాటలు తక్కువ. ఏ బండి వచ్చినా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఎక్కడో ఒకచోట చూపుడు వేలు పెట్టి, ఆ వేలిని వెలుతురుకు పట్టి చూసి తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. ఆయన దగ్గరికి ఒక రోజు విడవలూరు డాక్టరు గారి మోటారు సైకిలు వచ్చింది. ముందు చక్రాన్ని అటూ ఇటూ పట్టుకుని ఉండే రెండు ఫోర్కు గొట్టాల నుంచి నూనె కారుతోంది. ఈ సంగతులు తెలియనివారి కోసం చెబుతాను. బండి గుంటలో పడినప్పుడు ఆ దెబ్బ మనిషి నడుముదాకా రాకుండా ఆ గొట్టాల లోపల స్ప్రింగూ నూనే ఉంటాయి. ఆ నూనె బయటికి రాకుండా చేతి గాజులాంటి చిన్న రబ్బరు సీలు ఒకటి గొట్టాన్ని చుట్టూ కరుచుకుని ఉంటుంది. అది పాడైతే నూనె కిందికి జారి బ్రేకులోకి దిగుతుంది. ఆ తరువాత బ్రేకు నొక్కడమన్నది కేవలం మనశ్శాంతి కోసం చేసే పని. అప్పటికే డాక్టరు గారు ఒక రోగి ఇంటి ముందు ఆగబోయి, వాళ్ళ గడ్డివామిలో ఆగారు. ("రోగి కంటే ముందు నేనే పడుకున్నానయ్యా" అని ఆయనే చెప్పారు. ఆయనంటే నాకు అందుకే ఇష్టం.)

పాత సీళ్ళు పీకి కొత్తవి వేశాను. గొట్టాల మీద పసుపు మరకలు కనిపిస్తే గుడ్డతో ఒక తుడుపు తుడిచి, "డాక్టరమ్మ గారు బండికి శుక్రవారం తలంటు పోస్తా ఉండారు" అని షెడ్డంతా నవ్వించాను. నవ్వించే తొందరలో ఆ పసుపు ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోలేదు. పదిహేను రోజులకు బండి తిరిగి వచ్చింది, కారుతూనే. రబ్బరు మంచిది కాదని చెప్పి మళ్ళీ కొత్తవి వేశాను. (పనివాడు మంచివాడు కానప్పుడు రబ్బరు మంచిది కాకపోవడం మా వృత్తిలో మామూలే.) ఇంకో ఇరవై రోజులకు మళ్ళీ వచ్చింది.

పెద్ద మేస్త్రి గొట్టం మీద వేలు పెట్టి, వెలుతురుకు పట్టి, నా వైపు తిప్పాడు. "ఏందబ్బయా ఇది. బండా, పాడి ఆవా?"

"ఆవే అనుకో మేస్త్రీ. పూటకు పావుశేరు ఇస్తా ఉండాది" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆయన వేలు తుడుచుకుని, తాపీగా, నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తున్న మాటలు చెప్పాడు. "నువ్వు విడవలూరు పో. అక్కడే ఉండి, ఎందుకు కారతా ఉండాదో చూసి బాగుచెయ్యి. శనివారం పొద్దున మొదటి బస్సుకు నేనొస్తా. గొట్టం మీద ఏలు పెడతా. ఏలికి నూనె అంటిందా, నువ్వింక షెడ్డుకు రాబాకు. మీ మామ అంగట్లో మిరపకాయలు తూకం ఏసుకో."

మా మామ అంగడి గురించి ఒక మాట చెప్పాలి. మామకు రోజంతటికీ రెండే మాటలు, 'ఏం కావాల' ఒకటి, 'లేదు' రెండోది. అక్కడ ఎవరైనా పొరపాటున నవ్వబోతే మిరపకాయల ఘాటుకు అది తుమ్ముగా మారేది. అలాంటి చోట నా జీవితం ఎలా ఉంటుందో ఊహించుకుంటే నాకే నా మీద జాలి కలిగింది. అంతకంటే అసలు సంగతి ఇంకొకటి ఉంది. ముక్కలుగా విప్పి గోనె మీద పరిచిన ఇంజను, మళ్ళీ బిగించాక మొదటి తన్నుకే పలికితే నాకు కలిగే సంతోషం మరెక్కడా దొరకలేదు. ఆ పని పోతే ఇక నాకు మిగిలేదేమీ లేదు. ఆ మాట అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే గంభీరంగా ఉంటుంది, పైగా నాలాంటివాడు ఇంకొకడు పక్కన ఉంటే గాలి తీసేస్తాడు.

సోమవారం విడవలూరు చేరి, డాక్టరు గారి ఆస్పత్రి వరండాలో గోనె పరిచి, ఫోర్కులు విప్పాను. ఈసారి గుడ్డ తుడుపుతో సరిపెట్టకుండా కిరసనాయిలుతో కడిగి గొట్టం మీద గోరు ఈడ్చాను. గోరు ఆగింది. ఇంకాస్త ఈడ్చాను, మళ్ళీ ఆగింది. వెలుతురుకు పట్టి చూస్తే, అమ్మవారు పోసి తగ్గిన మొహంలా సన్నటి గుంటలు. తుప్పు తిన్న గుంటలు. వాటి అంచులు కత్తుల్లా ఉన్నాయి. బండి కుదుపుకు గొట్టం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా ఆ అంచులు కొత్త సీలును కొంచెం కొంచెం కోస్తున్నాయి. రెండుసార్లు నా చేతుల మీదుగా పోయిన గొట్టాలే అవి. రెండుసార్లూ నేను చూడలేదు. చూసి తెలుసుకోవలసిన అవసరం లేనంత నమ్మకం నాకుండేది.

"సముద్రపు గాలండీ" అన్నాను డాక్టరు గారితో, పెద్ద జబ్బు కనిపెట్టిన వాడిలా.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అదే గాలిలో నా సైకిలు పదేళ్ళ నుంచి ఉంది. దానికేం కాలేదు. గాలికి ఈ రెండు గొట్టాల మీదే పగ ఎందుకయ్యా?"

ఆ పగ ఏమిటో కళ్ళారా చూద్దామనుకున్నాను. పాత సీళ్ళతోనే బండి బిగించి, మర్నాడు ఆయన సముద్రపు ఒడ్డున ఉన్న పాలేనికి వెళుతుంటే వెనక సీటులో ఎక్కి కూర్చున్నాను. వారానికి రెండుసార్లు ఆయన ఆ పాలేనికి వెళ్ళి ఇంటింటికీ తిరిగి మందులిచ్చేవారు. సరుగుడు తోపులు దాటి ఇసుకలో పడుతూ లేస్తూ వెళ్ళి, పడవలు లాగి పెట్టిన చోటే, వాటి వరుసలోనే బండి నిలిపారు. ఆయన సంచీ తీసుకుని గుడిసెల వైపు నడిచారు. నేను ఒక పడవ నీడలో చతికిలపడ్డాను.

అయిదు నిమిషాలు కాకుండానే ఒకావిడ నెత్తిన బిందెతో సముద్రం నుంచి నేరుగా వచ్చింది. ఆ పాలేనికి పెద్దయిన పెద్దకాపు భార్య. (కాపు కాళ్ళ వాపుకు మందిస్తున్న సంగతి డాక్టరు గారు దారిలోనే చెప్పారు.) ఆవిడ నలభై దాటిన మనిషి, ఊరంతా అక్కా అనే పిలిచేవారు, ముసలివాళ్ళతో సహా. బిందె ఎత్తి బండి నెత్తి మీద నుంచి గుమ్మరించింది. ఇంకో బిందె. కొబ్బరి పీచుతో ఒళ్ళంతా రుద్దింది. కొంగున కట్టుకొచ్చిన పసుపు ముద్ద విప్పి, రెండు ఫోర్కు గొట్టాలకూ గడపకు పూసినట్టు దట్టంగా పూసింది. ముందు దీపానికి కుంకుమ బొట్టు పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకుని, బొట్టు కాస్త పక్కకు పోయిందని చెరిపి మళ్ళీ పెట్టింది.

నేను లేచి దగ్గరికి వెళ్ళాను. "ఏందక్కా ఇది?"

"కనపడలా? తలకు పోస్తా ఉండా."

"సముద్రం నీళ్ళతోనా?"

"మరి? తాగే నీళ్ళు అర మైలు అవతల చెలమలో నుంచి తోడుకొస్తా ఉండాం, అవి బండికి పోసేదా? పడవ వేట నుంచి వస్తే ఏం నీళ్ళతో కడుగుతాం? ఇవే. మనిషిని ప్రాణంతో తెచ్చేది ఏదైనా మాకు పడవే సామీ. రెండేళ్ళ కింద వాంతులూ బేదులూ తగిలినప్పుడు ఈ బండి దినానికి మూడుసార్లు వచ్చినాది. నా బిడ్డలిద్దరినీ నిలిపినాది. అప్పట్నించీ వచ్చినప్పుడల్లా పోస్తా ఉండా. ఒక్క తూరి కూడా తప్పలా."

వారానికి రెండుసార్లు, రెండేళ్ళు, ఉప్పునీళ్ళ స్నానం. ఆ ఉప్పు ఆరకుండా పైన పసుపు పట్టు. నా రబ్బరు సీళ్ళ సంగతి అటుంచి, అన్ని స్నానాలకు గొట్టాలు అసలు మిగలడమే వింత. కారణం దొరికిందన్న సంబరంలో నోరు నాకంటే ముందు పరుగెత్తింది. "బాగుండాది అక్కా. నువ్వు దీనికి తలంటు పోస్తా ఉండావు, ఈ ఉప్పునీళ్ళు దీని కాళ్ళు కొరుక్కు తింటా ఉండాయి. అందుకే నూనె కారి బ్రేకు పడటం లా" అన్నాను.

ఆవిడ బిందె కింద పెట్టింది. మా మాటలకు చుట్టూ చేరి నవ్వుతున్న పాలెం ఆడవాళ్ళు నవ్వడం మానేశారు. ఆవిడ బండి వంక చూసి, నా వంక చూసి, మెల్లగా అడిగింది. "డాక్టరయ్య గడ్డివామిలో పడినాడంట గదా. అది మావల్లనేనా?"

అంతకు ముందు నేను చాలామంది గాలి తీశాను. తీసిన తరువాత ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో నిలబడి చూడలేదు, అంతే. అప్పుడు చూశాను. నా నోట్లో ఇంకో మాట సిద్ధంగానే ఉంది, మంచిదే, ఈ రోజుకీ గుర్తుంది, కానీ రాయను. దాన్ని మింగేసి, దొరికిన ఇంకో మాట పట్టుకున్నాను.

"నీవల్ల ఎందుకవుతాదక్కా. నీళ్ళలో తప్పు లేదు. బండికే జబ్బు. దీనికి ఉప్పు పడదు."

"ఉప్పు పడదా?"

"మీ కాపు కాళ్ళు వాచినప్పుడు డాక్టరు గారు ఏం మానమన్నాడు?"

"ఉప్పు."

"ఇదీ అంతే. దీనికీ కాళ్ళలోనే జబ్బు. పథ్యం చేయాల."

ఆవిడ మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. నూనె, స్ప్రింగు, రబ్బరు అంటూ నేను గంటసేపు చెప్పినా ఎక్కని సంగతి పథ్యం అనేసరికి ఎక్కేసింది. వెంటనే, రోగిని ఇంటికి తీసుకుపోయే మనిషిలా, వరసగా అడగడం మొదలుపెట్టింది. "ఎన్నాళ్ళు?"

"బతికినన్నాళ్ళూ."

"పాపం. పసుపు పడతాదా?"

"దీపం మీద పెట్టు. కాళ్ళకు వద్దు."

"మరి ఒంటికి ఏం రాసేది? వచ్చిన బండిని ఉత్తగా పంపితే మాకు బాగుంటాదా?" అని ఒక్క క్షణం ఆలోచించి, తనే దారి చూపింది. "మేము లంగరుకు తుప్పు పట్టకుండా చేప నూనె పట్టిస్తాం. ఉప్పుకు అదే విరుగుడు. దీనికీ అదే పట్టిస్తా."

వద్దనడానికి నా వృత్తిజ్ఞానంలో ఒక్క కారణం కూడా దొరకలేదు. ఇనుముకు నూనె మంచిదే. వాసన గురించి మా మేస్త్రి నాకు ఏమీ నేర్పలేదు. అంతలో డాక్టరు గారు సంచీ ఊపుకుంటూ వచ్చి, ఎంతసేపటి నుంచి విన్నారో గాని, నాడి చూసేటప్పటి మొహం పెట్టుకుని, "అవునమ్మా, ఉప్పు అసలు తగలనివ్వకూడదు. నేనే చెప్పాలనుకుంటున్నాను" అన్నారు. తిరుగు ప్రయాణంలో సరుగుడు తోపుల దాకా ఆ మొహంతోనే బండి నడిపారు. అక్కడ ఆయన బండి ఆపి, దిగి, కడుపు పట్టుకుని నవ్వి, మళ్ళీ ఎక్కారు.

జబ్బు పెరగకుండా ఆపాం సరే, ఉన్న గుంటలు పూడ్చాలి. కొత్త గొట్టాలు మద్రాసు నుంచి రావాలంటే నెల పడుతుంది, నాకున్నది నాలుగు రోజులు. నా తెలివితేటల మీద నాకు మళ్ళీ నమ్మకం కుదిరింది. బుధవారం పొద్దున ఆ రెండు గొట్టాలూ భుజాన వేసుకుని బజారులో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే సాయిబు దగ్గరికి వెళ్ళాను. ఆయన కొలిమి తిత్తి ఊదడం ఆపి, "ఊరంతా గంగాళాలు తెస్తారు, నువ్వు మోటారు సైకిలు కాళ్ళు తెచ్చినావేందబ్బయా?" అన్నాడు.

"మామా, గుంటల్లో మాత్రం తగరం నిలవాల. పైన నున్నగా ఉండే చోట అంటకూడదు. అవుతాదా?"

"నునుపుకు కళాయి ఎట్టా అంటతాదిరా. అది గాయానికే అంటతాది" అన్నాడు ఆయన. నేను సీళ్ళ మీద పారేసిన నెలా అయిదు రోజులూ ఆ ఒక్క మాట ముందు సిగ్గుపడి తలవంచుకున్నాయి. సూదితో ఒక్కో గుంటలో తుప్పు గీకాను. ఆయన గొట్టం వేడి చేసి, నవాసారం చల్లి, ఆ పొగలో తగరం కరిగించి దూదితో రుద్దాడు. తగరం సరిగ్గా గుంటల్లో కూర్చుంది, పైన జారిపోయింది. ఆ తరువాత ఒకటిన్నర రోజు నేను గరుకు కాగితంతో అరగదీశాను. గురువారం సాయంత్రానికి గోరు ఈడిస్తే ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా జారింది. సీలు అంచు నలగకుండా గొట్టానికి పలచటి కాగితం చుట్టి, నూనె రాసి, కొత్త సీళ్ళు దించాను. శుక్రవారం డాక్టరు గారు కావాలని ఊళ్ళోని గుంటలన్నీ వెతుక్కుంటూ తిరిగి వచ్చారు. గొట్టాలు పొడిగా ఉన్నాయి. ఆ సాయంత్రం వరండాలో కూర్చుని, మేస్త్రి నన్ను మెచ్చుకుంటే వినయంగా ఏం చెప్పాలో రెండు మూడు రకాలుగా తయారు చేసుకున్నాను.

శనివారం తెల్లవారగానే పాలెం నుంచి కబురొచ్చి డాక్టరు గారు బండి మీద వెళ్ళారు. మొదటి బస్సులో పెద్ద మేస్త్రి తెల్ల పంచెతో దిగాడు. (పెళ్ళికో చావుకో తప్ప ఆయన తెల్ల పంచె కట్టగా నేను చూడలేదు. ఈసారి రెండింటిలో ఏదో అడగలేదు.) కాసేపటికి డాక్టరు గారు తిరిగి వచ్చి, బండి ఆపి, చెయ్యి కడుక్కోవడానికి లోపలికి వెళ్ళారు. మేస్త్రి నేరుగా ముందు చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. కుడి గొట్టం మీద వేలు పెట్టి, సీలు దాకా ఈడ్చి, వెలుతురుకు పట్టాడు.

వేలు నిగనిగలాడుతోంది.

ఎడమ గొట్టం మీద పెట్టాడు. అదీ అంతే. ఈసారి నూనె బొట్టుగా కిందికి జారి ఆయన తెల్ల పంచె మీద పడింది.

"కారినాది" అన్నాడు.

నా తల పని చేయలేదు. కళాయి ఊడిందా, సీలు తిరగబడిందా, ఎక్కడ తప్పు చేశాను, ఒక్కటీ తోచలేదు. కళ్ళ ముందు మామ అంగట్లో తక్కెడ ఊగుతూ కనిపించింది.  మేస్త్రి భుజం మీది తుండుతో వేలు తుడుచుకోబోయి, సగంలో ఆగి, వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కనుబొమలు పైకి లేచాయి. మళ్ళీ వాసన చూశాడు.

"ఏందిరా ఇది. ఫోర్కులో ఏం నూనె పోసినావు? ఎండు చేపల గంప వాసన వస్తా ఉండాది."

అప్పుడు చూశాను. ఆస్పత్రి పిల్లి వరండా దిగి, తాపీగా ముందు చక్రం దగ్గరికి వచ్చి కూర్చుని, కుడి గొట్టాన్ని నాకడం మొదలుపెట్టింది. అక్క మాట తప్పే మనిషి కాదు. పొద్దున బండి పాలెం చేరగానే పథ్యం ప్రకారం ఒళ్ళంతా చేప నూనె పట్టించి పంపింది.

"అది లోపలిది కాదు మేస్త్రీ, బయటిది" అని మొత్తం కథ చెప్పాను. సముద్రపు నీళ్ళు, పసుపు, పథ్యం, లంగరు, కళాయి. ఆయన ఎక్కడా నవ్వలేదు. నన్నే నా చొక్కాతో గొట్టాలు రెండూ శుభ్రంగా తుడవమన్నాడు. తరువాత డాక్టరు గారిని పిలిచి బండి మీద కూర్చోబెట్టి, హ్యాండిలు పట్టుకుని ఇరవైసార్లు కిందికి నొక్కించాడు. ఆయన, ఈ వయసులో ఇదేమి వ్యాయామమయ్యా అని గొణుగుతూనే నొక్కారు. మేస్త్రి మళ్ళీ గొంతుకూర్చుని, వేలు పెట్టి, వెలుతురుకు పట్టాడు. పొడి. గోటితో గొట్టం మీద ఈడ్చాడు. గోరు ఎక్కడా ఆగలేదు. కళాయి పెట్టిన చోట్లను కళ్ళు చికిలించుకుని చాలాసేపు చూశాడు.

"ఈ తగరం ఆలోచన ఎవరిది?"

"నాదే మేస్త్రీ. చెయ్యి సాయిబు మామది."

ఆయన లేచి పంచె మీది మరక చూసుకున్నాడు. నేను ముందు రోజు తయారు చేసుకున్న వినయపు మాటలు నోటి దాకా తెచ్చుకుని సిద్ధంగా నిలబడ్డాను. "సోమవారం పనికి రా" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "స్నానం చేసి రా" అన్నాడు. మా షెడ్డులో అంతకంటే పెద్ద మెప్పు ఎవరికీ దక్కలేదని నేను ఇప్పటికీ వాదిస్తాను.

మేస్త్రి తిరుగు బస్సులో ముందే వెళ్ళిపోయాడు. నేను సామాను సర్దుకుని మధ్యాహ్నం బస్సెక్కాను. కిక్కిరిసి ఉంది, కొందరు నిలబడే ఉన్నారు. నేను ఎక్కగానే నా పక్కవాళ్ళు ఒకరొకరుగా లేచి వెనక్కి జరిగారు. ముందు సీటులోని పెద్దమనిషి తుండు ముక్కుకు అడ్డం పెట్టుకుని మరీ చోటిచ్చాడు. ముగ్గురు కూర్చునే సీటులో నేనొక్కణ్ణే, రాజులా. పని విషయం అప్పుడే ఊళ్ళో అందరికీ తెలిసిపోయినట్టుంది, మంచి పనివాడంటే మా జిల్లాలో ఎంత గౌరవమో అనుకుని, చొక్కా గుండీ ఒకటి విప్పుకుని, కిటికీ మీద మోచెయ్యి పెట్టాను. ఇన్నేళ్ళ తరువాత ఆ సీటు వైపు తిరిగి చూస్తే ఆ ఇరవై ఒక్కేళ్ళవాడు ఇంకా అలాగే కూర్చుని కనిపిస్తాడు. అసలు సంగతి వాడి చెవిలో చెబుదామా అనుకుంటాను. కానీ నెల్లూరు ఇంకా చాలా దూరం ఉంది. కూర్చోనిద్దాం.